క్యారేజీ చెంచా

"చెంచా ఏదిరా?" అన్నారు అత్తయ్యగారు.

"ఏ చెంచా?" అన్నారు మావారు, చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

"ఏ చెంచా అని అడుగుతున్నాడు చూడు. క్యారేజీ చెంచా. మొన్న శుక్రవారం కొత్తది తెచ్చి పెట్టానా? ఇవాళ సోమవారం. లేదు."

"ఉంటుందిలే అమ్మా. ఎక్కడికి పోతుంది?"

"ఎక్కడికి పోతుందో తెలిస్తే నిన్నడగడం దేనికి?"

మా ఇంట్లో క్యారేజీ అంటే అత్తయ్యగారి పుట్టింటి నుంచి వచ్చిన ఇత్తడి క్యారేజీ. గిన్నెలు ఒకదాని మీద ఒకటి పేర్చి, వాటి చెవులు చట్రం కమ్మీల్లోకి దింపి, పైన మూత పెట్టి, పిడి కింద ఉన్న రెండు రంధ్రాల్లోంచి ఒక చెంచా కాడ అడ్డంగా దూర్చాలి. అప్పుడు గాని గిన్నెలు బిగుసుకోవు. భోజనం దగ్గర అదే చెంచా పెరుగు వేసుకోవడానికి పనికొస్తుంది. మామూలు చెంచాలు ఆ రంధ్రాల్లో పట్టవు. అత్తయ్యగారు కోనేరు సెంటర్లో ఇత్తడి కొట్టాయన ఎదురుగా కూర్చుని, కాడ అరగదీయించుకుని తెస్తారు. మూడేళ్ళలో అలా తెచ్చినవి ఒక్కొక్కటీ మాయమయ్యాయి. అంట్లలో కలిసిపోతే పనిమనిషి రావమ్మే పారేస్తోందని ఆవిడ అనుమానం.

"మా ఇంట్లో క్యారేజీయే లేదండి. చెంచా నేనేం చేసుకుంటాను?" అంది రావమ్మ పెరట్లోంచి, చేతిలో గిన్నె తోముతూనే.

నేను కల్పించుకోలేదు. ఎవరి పక్షాన మాట్లాడినా చివరికి తప్పు నాదే అవుతుందని పదిహేడేళ్ళ కాపురంలో తెలుసుకున్నాను. ఏడున్నర ప్యాసింజరుకి టైమైపోతోంది. ఒక పాత తువ్వాలు తెచ్చి క్యారేజీ చుట్టూ రెండు ముళ్ళు వేసి ఇచ్చాను. మావారు బుచ్చిబాబుగారు గుడివాడలో ఒక ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. బందరు నుంచి రోజూ రైల్లో వెళ్ళొస్తారు. ఆ పూట చంటిపిల్లని ఎత్తుకున్నట్టు క్యారేజీని రెండు చేతుల్తో గుండెకి హత్తుకుని వీధిలోకి దిగారు.

ఇది రెండువేల ఒకటో సంవత్సరం, శ్రావణంలో మాట.

సాయంత్రం అయిదింటికి దివ్యశ్రీ వచ్చింది. మా అమ్మాయి సాయిలక్ష్మికి లెక్కలు, సైన్సు చెబుతుంది. వాళ్ళది కోడూరు పక్కన సముద్రపు ఒడ్డు పల్లె. తండ్రి సత్తిబాబుకి పడవ ఉంది. ఈ పిల్ల ఎమ్మెస్సీ పూర్తిచేసి, చిలకలపూడిలో వాళ్ళ పిన్ని ఇంట్లో ఉంటూ కాలేజీ ఉద్యోగాలకి తిరుగుతోంది. మా వీధి వరండాలోనే చాప వేసుకుని పాఠం చెబుతుంది. అత్తయ్యగారు ఆమె కాఫీకి ఒక గాజు గ్లాసు విడిగా కేటాయించి వరండా కిటికీలో పెట్టించారు. ఆ గ్లాసు ఎందుకు విడిగా ఉందో దివ్యశ్రీకి తెలుసు, నాకూ తెలుసు. కాఫీ మాత్రం చిక్కగా ఇచ్చేవారు.

ఆ రోజు పాఠం అవగానే ఆమె లేవలేదు.

"పిన్నిగారూ, గురువారం గుడివాడలో డెమో క్లాసండి. ఆడపిల్లల డిగ్రీ కాలేజీ. ఒకసారి మీ ముందు చెప్పుకుంటాను, వింటారా?"

ఇది మూడో డెమో. మొదటిది ఉయ్యూరులో. నలభై నిమిషాలు బోర్డు వైపు తిరిగే ఉందట, ఒక్కసారి కూడా పిల్లల మొహం చూడకుండా. రెండోది బంటుమిల్లిలో. నలభై నిమిషాల పాఠం పదకొండు నిమిషాల్లో అయిపోయింది. అక్కడి ప్రిన్సిపాలు మంచాయన, నెమ్మదిగానే చెప్పాడట: "సబ్జెక్టు ఉందమ్మా. కాకపోతే అది మీ దగ్గరే ఉంది."

"ఇది కూడా కాకపోతే ఇంటికొచ్చెయ్యమన్నాడు నాన్న. రొయ్యపిల్లల హేచరీలో నీళ్ళు పరీక్ష చేసే పని ఉందట. పని మంచిదేనండి. కానీ నీళ్ళతో ఏం మాట్లాడతాను?"

ఆమెకి పాఠం చెప్పడం ఇష్టం. సాయిలక్ష్మికి చెప్పేటప్పుడు చేతులు తిప్పుతూ, నవ్వుతూ, చాప అంచు మీద లెక్కలు వేస్తూ చెబుతుంది. పదిమంది ఎదుట నిలబడితే మాత్రం ఇంకో మనిషి.

"పాఠం ఏది?" అన్నాను.

"కేంద్రకంలోంచి ప్రొటీన్లు బయటికెలా వెళ్తాయన్నది. సిలబస్‌లో కొత్తగా పెట్టారు. అక్కడ ఎవరికీ చెప్పడం కుదరక నాకిచ్చినట్టున్నారు."

నేను బందరులోనే బీయస్సీ చదివాను. మా పుస్తకంలో కేంద్రకం చుట్టూ పొర ఉంటుందని, దానికి రంధ్రాలుంటాయని ఒక్క వాక్యం ఉండేది. ఆ రంధ్రాల్లోంచి ఏం వెళ్తుంది, ఎవరు పంపుతారు అని నేను అప్పట్లో అడిగాను. పరీక్షకి అక్కర్లేదన్నారు మా మేష్టారు. ఇన్నాళ్ళకి జవాబు మా వరండాలోకి వచ్చిందని సంబరపడి కూర్చున్నాను.

దివ్యశ్రీ లేచి నిలబడింది. మా గోడనే బోర్డనుకుని దాని వైపు తిరిగింది. ఇంగ్లీషులో మొదలుపెట్టి ఊపిరి తీసుకోకుండా చదువుకుపోయింది. ఎక్స్‌పోర్టిన్ అంది, రాన్ అంది, జీటీపీ అంది. నాకు ఆమె జడ తప్ప ఏమీ కనిపించలేదు. తొమ్మిది నిమిషాల్లో అయిపోయింది.

"ఎలా ఉందండి?" అంది గోడతోనే.

ఏం చెప్పాలా అని ఆలోచిస్తూండగా గేటు చప్పుడైంది. మావారు మెట్లెక్కుతూ చెప్పులు విడవడానికి ఒక చెయ్యి వదిలారు. తువ్వాలు ముడి జారింది. చట్రం ఒకవైపు, మూత ఒకవైపు పడ్డాయి. మూడు గిన్నెలూ వరండా అంతా దొర్లి, ఒకటి సరిగ్గా దివ్యశ్రీ కాళ్ళ దగ్గర ఆగింది.

చప్పుడుకి అత్తయ్యగారు బయటికొచ్చారు. "చెంచా ఉంటే ఈ భాగోతం ఉండేదా?" అన్నారు.

దివ్యశ్రీ ఆ గిన్నెని ముట్టుకోలేదు. దాని ముందు గొంతుక్కూర్చుని, అటూ ఇటూ ఉన్న రెండు చెవుల వంక చూసింది. తర్వాత చట్రం వంక చూసింది. పిడి కింద ఖాళీ రంధ్రాల వంక చూసింది.

"పిన్నిగారూ, ఇది ఎక్స్‌పోర్టిన్," అంది.

"క్యారేజీకి పేరు పెడుతోందేమిటే?" అన్నారు అత్తయ్యగారు నాతో.

"కాదు మామ్మగారూ. మన ఒంట్లో ప్రతి కణంలోనూ కేంద్రకమని ఒకటుంటుంది. ఇల్లు కణం అనుకుంటే వంటిల్లు కేంద్రకం. అందులోంచి కొన్ని ప్రొటీన్లు బయటికి వెళ్ళాలి."

"వెళ్ళమను. ఎవరొద్దన్నారు?"

"చిన్నవైతే వాటంతటవే గడప దాటేస్తాయి. పెద్దవి దాటలేవు. ఎవరో మోసుకెళ్ళాలి. అదిగో, ఆ చట్రం, అంటే ఎక్స్‌పోర్టిన్, మోసుకెళ్తుంది. కానీ ఏది పడితే అది మొయ్యదు. గిన్నెకి చెవులుండాలి. ప్రొటీన్‌కి కూడా అలాంటి గుర్తు ఒకటుంటుంది, ఇంత చిన్న ముక్క. అది ఉన్నదాన్నే చట్రం పట్టుకుంటుంది."

"పట్టుకుంటే మటుకు? చెంచా లేకపోతే ఏమైందో ఇప్పుడు చూశాంగా?"

దివ్యశ్రీ చప్పున లేచి నిలబడింది. "అదేనండి. ఆ చెంచా పేరే రాన్. దానికి జీటీపీ అని శక్తినిచ్చే అణువొకటి తగిలించి ఉంటుంది. అది వచ్చి దూరితే తప్ప పట్టు బిగియదు. చట్రం, గిన్నె, చెంచా మూడూ కలిస్తేనే గడప దాటడం. బయటికి వెళ్ళాక ఎవరో చెంచా లాగేస్తారు. గిన్నె విడిపోతుంది. ఖాళీ చట్రం ఇంటికొచ్చేస్తుంది."

"చట్రం వస్తుంది సరే. చెంచా?"

"చెంచా కూడా రావాలి మామ్మగారూ. వేరే దారిన, వేరే మోసేవాళ్ళతో వస్తుంది. రాకపోతే మర్నాటికి ఉండదు కదా."

అత్తయ్యగారు తల తిప్పి కొడుకు వంక చూశారు. ఆయన తువ్వాలు మడత పెట్టుకుంటూ లోపలికి వెళ్ళిపోయారు.

నేను ఊరుకోవాల్సింది, కానీ ఊరుకోలేకపోయాను. "వంటిల్లంటే వండటం లోపలే అనుకుంటారు, దివ్యశ్రీ. ప్రొటీన్లు కేంద్రకంలో తయారు కావు కదా?"

"కావండి. బయటే తయారవుతాయి. లోపలికొచ్చి, పని చూసుకుని, మళ్ళీ బయటికి పోతాయి."

"రావమ్మ లాగా," అన్నారు అత్తయ్యగారు.

దివ్యశ్రీ పకపకా నవ్వింది. అప్పుడు గమనించాను, ఆమె అరగంట నుంచి గోడ వైపు తిరగలేదు. ఇంగ్లీషు చదవలేదు. అయిదో తరగతితో బడి మానేసిన మా అత్తయ్యగారు నడుం మీద చెయ్యి పెట్టుకుని అడుగుతుంటే, ఎదురుగా చూస్తూ, చేతులు తిప్పుతూ చెబుతోంది.

"అత్తయ్యగారూ, గురువారం క్యారేజీ ఇస్తారా? కాలేజీలో పిల్లలకి చూపించడానికి," అన్నాను.

అత్తయ్యగారు క్యారేజీ వంక చూశారు. ఆ క్యారేజీని తోమేది రావమ్మ కాదు, ఆవిడే. ఇంట్లోవాళ్ళ చేతులు తప్ప ఇంకొకరి చెయ్యి దాని మీద పడలేదు. దివ్యశ్రీ తలొంచుకుని పుస్తకాలు సర్దుకుంటోంది, తను ఈ మాట అడగలేదన్నట్టు.

"క్యారేజీ వెళ్తే సుందరి కూడా వెళ్తుంది," అన్నారు చివరికి నా వంక చూసి. "దాని చేతిలోనే ఉండాలి. ఒట్టి క్యారేజీ గడప దాటకూడదు, వాడి భోజనం అందులోనే పెట్టు. చెంచా మాత్రం నేను మళ్ళీ కొనను. ఆ ఆఫీసంతా గాలించి తీసుకురండి."

గురువారం ఏడున్నర ప్యాసింజరులో నేను ఆడవాళ్ళ పెట్టెలో క్యారేజీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. మావారు తన పేకాట బృందంతో ముందు పెట్టెలో ఉన్నారు. చిలకలపూడిలో దివ్యశ్రీ ఎక్కింది. నీలం అంచు తెల్ల కాటన్ చీర, చేతిలో కాగితాలు. పెడన దాకా ఆ కాగితాలు చదువుతూనే ఉంది. కవుతరం దగ్గర నాట్లు వేస్తున్న చేలు కనపడ్డాక కాగితాలు మూసి, కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

"ఇవాళ కూడా బోర్డు వైపు తిరిగిపోతే ఏం చెయ్యనండి?"

"పక్కన నేనుంటానుగా."

"మీరు చివరి బెంచీలో ఉంటారు."

అది నిజమే. క్యారేజీని ఒళ్ళో ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాను.

గుడివాడలో దిగి నేరుగా మావారి ఆఫీసుకి వెళ్ళాం. ఆయన తన బల్ల సొరుగు లాగి, ఫైళ్ళ మీద చెయ్యి పెట్టి, "ఇందులో ఒకటుండాలి," అన్నారు. స్టాంపు పాడ్ కింద ఒకటి దొరికింది. హమ్మయ్య అనుకున్నాం. నేను పక్కనున్న ఫైలు కూడా ఎత్తాను. ఇంకొకటి. సొరుగు పూర్తిగా బయటికి లాగి బల్ల మీద పెట్టాను. పాత క్యాలెండరు వెనక రెండు. గుండుసూదుల డబ్బాలో ఒకటి. అట్టడుగున, పెరుగు మరకతో సహా, ఇంకో రెండు.

ఏడు చెంచాలు. కాడలన్నీ ఒకే కొలతకి అరగదీసినవి.

"ఇన్నున్నాయా?" అన్నారు ఆయన. ఆ ఆశ్చర్యంలో నటనేమీ లేదు. రోజూ పెరుగన్నం తినడం, ఏదో ఒక రోజు చెంచా సొరుగులో పడేసి మర్చిపోవడం, ఆ సాయంత్రం ఏ గుడ్డపీలికో దారమో చుట్టి క్యారేజీ ఇంటికి తేవడం. మరుసటి రోజు పొద్దున్న ఇంట్లో చెంచా ఉంటే సరే, లేకపోతే అమ్మ కొంటుంది. మూడేళ్ళుగా మనిషి ఇంతకుమించి ఆలోచించలేదు.

"అమ్మకి ఒకటే దొరికిందని చెప్పు సుందరీ."

"ఏడూ దొరికాయనే చెబుతానండీ."

దివ్యశ్రీ ఒకటి క్యారేజీకి దూర్చి, మిగతా ఆరింటినీ రుమాలులో చుట్టి తీసుకుంది. నవ్వు ఆపుకుంటోందని తెలుస్తూనే ఉంది.

క్లాసులో ముప్ఫై, ముప్ఫై అయిదు మంది ఆడపిల్లలున్నారు. పక్కగా మూడు కుర్చీల్లో ప్రిన్సిపాలు సులోచనగారు, ఇద్దరు లెక్చరర్లు కూర్చున్నారు. నేను చివరి బెంచీలో, బల్ల మీద ఎవరో కాంపస్ ముల్లుతో చెక్కిన పేర్ల మధ్య చోటు చూసుకుని కూర్చున్నాను. క్యారేజీ నా ఒళ్ళోనే ఉంది. దివ్యశ్రీ ముందుకెళ్ళి నమస్కారం పెట్టింది. సుద్దముక్క తీసుకుని బోర్డు మీద పాఠం పేరు రాసింది. పేరు కింద గీత గీసింది. ఆ గీత కింద ఇంకో గీత గీసింది.

అక్కడితో ఆగిపోయింది. ఇటు తిరగలేదు.

ముందు బెంచీలో ఒక పిల్ల దగ్గింది. ఒక లెక్చరరు గడియారం చూసుకుంది. హేచరీ, నీళ్ళ సీసాలు, కోడూరు బస్సు అన్నీ నా కళ్ళ ముందు తిరిగాయి.

నేను క్యారేజీ ఎత్తి బెంచీ మీద పెట్టాను. మెల్లిగా పెట్టి ఉండవచ్చు, పెట్టలేదు. పాత ఇత్తడి కదా, గుళ్ళో గంట మోగినట్టు మోగింది.

క్లాసు మొత్తం వెనక్కి తిరిగింది. దివ్యశ్రీ కూడా తిరిగింది. నన్ను చూసింది, క్యారేజీని చూసింది. సుద్ద కింద పెట్టి, బెంచీల మధ్యనుంచి నడుచుకుంటూ నా దగ్గరికొచ్చి రెండు చేతులూ చాచింది. నేను క్యారేజీ ఆమె చేతుల్లో పెట్టాను. దాని చేతిలోనే ఉండాలి అన్న అత్తయ్యగారి మాట నాకు గుర్తుంది. గుర్తుండే ఇచ్చాను.

"ఇదేమిటి?" అంది దివ్యశ్రీ పిల్లలతో, బల్ల మీద పెడుతూ.

"క్యారేజీ," అన్నారు అందరూ.

"కాదు. దీనిలో మూడు వస్తువులున్నాయి. విడివిడిగా చూద్దాం."

చెంచా లాగి చట్రం పైకెత్తింది. చట్రం ఒక్కటే వచ్చింది, గిన్నెలు బల్ల మీదే ఉండిపోయాయి. ముందు బెంచీ పిల్ల మెడ చాచి, "కూరేంటి మేడమ్?" అంది. అందరూ నవ్వారు.

"దొండకాయ వేపుడు. మంచి ప్రశ్న అడిగావు. లోపల ఏ కూరుందో ఎక్స్‌పోర్టిన్‌కి అక్కర్లేదు. చెవులుంటే చాలు. ఈ మంచినీళ్ళ గ్లాసుంది చూడండి, దీనిలో అమృతం పోసినా చట్రం దీన్ని మొయ్యదు. చెవులు లేవు కాబట్టి. మరి ప్రొటీన్‌కి చెవులేమిటి? లూసిన్ అనే అమైనో ఆమ్లాలు, కాస్త ఎడం ఎడంగా."

ఇక ఆగలేదు. చెంచా దూర్చి చూపించింది, లాగి చూపించింది. ఒక పిల్లని గుమ్మం దగ్గర నిలబెట్టి, లోపల చెంచా దూర్చే పని ఒకరికి, బయట లాగే పని ఇంకొకరికి ఇచ్చింది. వంటింటి పోలిక చెప్పి, వెంటనే, "ఇందులో ఒక తప్పుంది, ఎవరైనా పట్టుకోండి," అంది. రెండో వరసలో పిల్ల పట్టుకుంది: ప్రొటీన్లు లోపల తయారు కావు. నాకు ఎందుకో గర్వంగా అనిపించింది.

అప్పుడు గుమ్మం దగ్గర నిలబడ్డ పిల్ల చెయ్యెత్తింది. "మేడమ్, నేను బయటున్నానుగా. ఇక్కడే చెంచా దూర్చేసి గిన్నెని వెనక్కి పంపించేస్తే?"

దివ్యశ్రీ క్యారేజీ చెంచా కూడా రుమాలులో వేసి బల్ల మీద బోర్లించింది. ఏడు చెంచాలు గలగలా పడ్డాయి.

"ఇవన్నీ బయట దొరికాయి. ఒకాయన సొరుగులో. ఇవన్నీ రాన్‌లే, కానీ జీటీపీ ఖర్చయిపోయిన రాన్. నిజానికి ఇవి వంగిపోయి ఉండాలి, అప్పుడు పోలిక సరిగ్గా ఉండేది. వంగిన చెంచా రంధ్రంలో దూరదు. దాన్ని మళ్ళీ సాపు చేసే చెయ్యి కేంద్రకం లోపల మాత్రమే ఉంది. అందుకని ఇది ఒకవైపు దారి. లోపల బిగుస్తుంది, బయట విడిపోతుంది."

సులోచనగారు కుర్చీలో ముందుకి జరిగారు. "మరి ఏడు చెంచాలూ బయటే ఉండిపోతే లోపల ఏమవుతుందమ్మా?"

"మామ్మగారికి కోపం వస్తుంది మేడమ్," అంది దివ్యశ్రీ. పిల్లలు బల్లలు చరిచారు. నవ్వులు తగ్గేదాకా ఆగి, "తర్వాత క్యారేజీకి తువ్వాలు చుట్టుకోవాలి. కణంలో తువ్వాలు లేదు. బయటికి వెళ్ళాల్సినవి లోపలే ఇరుక్కుపోతాయి. పని అయిపోయినా పోకుండా పనిచేస్తూనే ఉంటాయి. కొన్ని జబ్బులు అలాగే వస్తాయి," అంది.

బెల్లు కొట్టినా ఎవరూ లేవలేదు. చివరికి పాఠం ఆగింది మావారి వల్ల. ఒంటిగంట దాటింది, ఆయన భోజనం బల్ల మీద ఉంది, ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నారు.

"సొరుగాయన," అంది ముందు బెంచీ పిల్ల. ఎలా కనిపెట్టిందో మరి.

సులోచనగారు వరండాలో దివ్యశ్రీ భుజం మీద చెయ్యి వేసి, "ఒకటో తారీఖు నుంచి వచ్చెయ్యమ్మా," అన్నారు. "వచ్చేటప్పుడు ఆ క్యారేజీ కూడా తెస్తే బాగుంటుంది."

స్టేషను రోడ్డులో ఎస్‌టీడీ బూత్ నుంచి దివ్యశ్రీ తండ్రికి ఫోన్ చేసింది. సత్తిబాబు గొంతు పెద్దది, బయట నిలబడ్డ నాకు కూడా వినిపించింది.

"ఏం చెప్పావమ్మా?"

"క్యారేజీ గురించి చెప్పాను నాన్నా."

"క్యారేజీ గురించి చెబితే ఉద్యోగం ఇచ్చారా? మీ అమ్మ ముప్ఫై ఏళ్ళుగా కడుతోంది, ఆవిడకెవరూ ఇవ్వలేదే."

"హేచరీ వాళ్ళకి రానని చెప్పేయి నాన్నా."

అవతల ఆయన ఏమన్నాడో ఈసారి నాకు వినపడలేదు. దివ్యశ్రీ కళ్ళు తుడుచుకుంటూ, నవ్వుతూ బయటికొచ్చింది.

సాయంత్రం ప్యాసింజరుకి బందరు చేరేసరికి ఆరున్నరైంది. చిలకలపూడిలో దిగవలసిన పిల్ల దిగలేదు, మామ్మగారికి తనే చెప్పాలంది. మెట్లెక్కి అలవాటుగా వరండాలో చాప దగ్గర ఆగింది.

అత్తయ్యగారు గుమ్మంలోకొచ్చి ముందు క్యారేజీని అటూ ఇటూ తిప్పి చూశారు. తర్వాత ఆ పిల్ల మొహం చూశారు. అడగాల్సిన పని లేకపోయింది.

"వరండాలో దోమలు. లోపలికి రా," అన్నారు. "భోంచేసి వెళ్దువుగాని."

సాయిలక్ష్మి ఆమె చెయ్యి పట్టుకుని హాల్లోకి లాక్కొచ్చింది. అందరికీ ఒకే వరసలో కంచాలు పెట్టాను. అత్తయ్యగారు ఏమీ అనలేదు. ముద్దపప్పు, గుమ్మడికాయ పులుసు, పొద్దుటి దొండకాయ వేపుడు మిగిలినది. సాయిలక్ష్మి అడుగుతుంటే దివ్యశ్రీ క్లాసంతా మళ్ళీ చెప్పింది, ఇత్తడి చప్పుడుతో సహా.

"నువ్వు కావాలనే చేశావా?" అన్నారు అత్తయ్యగారు నాతో.

"చెయ్యి జారిందండీ."

"నీ చెయ్యి ఎన్నడూ జారదు," అని పులుసు వడ్డించారు.

ఇక దాచడం కుదరదని మావారే లేచి వెళ్ళి, రుమాలు తెచ్చి వాళ్ళమ్మ ముందు విప్పారు. ఆవిడ చెంచాలు ఒక్కొక్కటే తీసి వెలుతురుకి పెట్టి చూశారు. ప్రతి దాని కాడా చూపుడువేలితో తడిమారు.

"రేపు పొద్దున్న రావమ్మకి నువ్వే చెప్పుకో," అన్నారు కొడుకుతో.

"చెబుతానమ్మా."

"నా మాట కూడా చెప్పు."

అందరి కంచాల్లోనూ పెరుగు వడ్డించి, గిన్నె కింద పెట్టి, ఎవరి వైపూ చూడకుండా అన్నారు:

"ఒకటో తారీఖు నుంచి క్యారేజీ నాలుగు గిన్నెలు."

మావారు ముద్ద నోటి దగ్గరే ఆపేశారు. "నాకు మూడే ఎక్కువమ్మా. నాలుగెందుకు?"

"నీకెవరు పెడతానన్నారు? నాలుగోది ఈ పిల్లకి. చిలకలపూడి నుంచి పొద్దున్నే రైలెక్కే పిల్ల ఏం వండుకుంటుంది? నువ్వు మోసుకెళ్ళు. మధ్యాహ్నం తనే వచ్చి గిన్నె తీసుకుంటుంది."

దివ్యశ్రీ చెయ్యి కంచంలో అలాగే ఉండిపోయింది. "మామ్మగారూ, మరి..." అంది.

"మరీ లేదు, గిరీ లేదు. సాయంత్రం పాఠానికి వస్తావుగా. వచ్చేటప్పుడు చెంచా నువ్వు తీసుకురా. వీణ్ణి నేనింక నమ్మను."

ఆ క్యారేజీకి నాలుగో గిన్నె ఒకటుందని సాయిలక్ష్మికి తెలియదు. మామగారు పోయినప్పటి నుంచి అది చట్రంలో కూర్చోలేదు. వంటింటి అలమారలో, పై అరలో ఉంది. నేను పెరుగు గిన్నె తీసుకుని లేవబోతుంటే అత్తయ్యగారు వెనకనుంచి అన్నారు:

"సుందరీ, రేపు ఆ గిన్నెలో మెంతులు ఇంకో డబ్బాలోకి మార్చు. చింతపండు పెట్టి నేనే తోముతాను."